రెండో గంటలో పరిగెలు యాడికి పోతాయి? పోరుమామిళ్ల చెరువులో ఫీడర్ గాలంతో నాలుగు ఆదివారాలు

మొదటి గంట పెళ్లిలో తొలి బంతి మాదిరి ఉంటుంది. గాలం విసిరిన ప్రతిసారీ బెత్తం (గాలం కర్ర) కొన వణుకుతుంది, చాలావాటికి పరిగె చేప వస్తుంది. చేతులు తుడుచుకునే తీరిక ఉండదు. ఎండ తుమ్మచెట్ల మీదికొచ్చేసరికి అంతా ఆగిపోతుంది. అదే చోటు, అదే ఎర, అదే మనిషి. కొన మాత్రం కదలదు. ఇంక రెండు గంటలు కూర్చున్నా చేతికొచ్చేది ఎనిమిదో పదో చేపలు.

రెండేళ్లు దీన్ని నా తలరాతే అనుకున్నాను. ఎండ ఎక్కితే చేప లోతుకు పోతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. గత డిసెంబరులో మాత్రం ఒక నోటు పుస్తకం కొని, నాలుగు ఆదివారాలు ఒకే చోట కూర్చొని, ప్రతి విసురూ రాసిపెట్టాను. ఇది ఆ పుస్తకంలోది.

ముందు చేప గురించి చెప్పాలి. ఇంగ్లండులో ఫీడర్ గాలం వేసేవాళ్లు రోచ్, రడ్, బ్రీమ్ లాంటి తెల్లచేపలన్నిటినీ కలిపి సిల్వర్స్ అంటారు. వాళ్ల పోటీలు కొన్నిట్లో కార్ప్ పడినా తూకానికి రాదు, తెల్లచేపే లెక్క. మన చెరువుల్లో ఆ చేపలేవీ లేవు. ఇక్కడ ఆ పని చేసేది పరిగె. వెండి పూత పూసినట్టు ఉంటుంది, తోక మొదట్లో గుండ్రటి నల్లచుక్క, అరచేతిలో పెట్టుకుంటే ఇంకా చోటు మిగుల్తుంది. దీనికే మీసాలుండే పెద్ద రకం ఒకటుంది, అరకిలో దాకా ఎదిగేది. అది నేలను వదలదు. పైనీళ్లలో తిరిగే కత్తిలాంటి సన్న చేపలు వేరే.

నేను పరిగెకే కట్టుబడటానికి ఒక కారణం ఉంది. మా వైపు పెద్ద చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సంఘాలది. బొచ్చె, శీలావతి, మోసు అనే కార్ప్ రకాల పిల్లల్ని డబ్బు పోసి కొని వదిలేది వాళ్లు. నేను పోయి అడిగితే కావలి తాత ఒకే షరతు పెట్టినాడు. "వదిలిన చేప పడితే వదిలెయ్యాల. కలుపు చేప నీ ఇష్టం." చేపల పెంపకంలో పరిగెల్నీ, జిలేబీల్నీ (తిలాపియా) కలుపు చేపలనే అంటారు, వదిలిన పిల్లల మేతకు పోటీ వస్తాయని. అట్ల ఇంగ్లండు పోటీ నిబంధనే పోరుమామిళ్ల కట్ట మీద నాకు వర్తించింది. కార్ప్ లెక్కలోకి రాదు.

నేను ఈ బెత్తం పట్టిందీ చిత్రంగానే. మా వైపు ఊళ్లల్లో కువైట్‌కు మనిషి పోని ఇల్లు తక్కువ. నేనూ పదకొండేళ్లు అక్కడ ఏసీ మెకానిక్‌గా చేశాను. మా సూపర్‌వైజర్ ఇంగ్లీషాయన, శుక్రవారాలు సముద్రం ఒడ్డున గాలం వేసేవాడు. ఉద్యోగం మానుకొని పోతూ పాత ఫీడర్ బెత్తం ఒకటి, ఒక రీల్, ఒక డబ్బా నిండా తీగ బుట్టలు నా చేతిలో పెట్టిపోయినాడు. పన్నెండడుగుల బెత్తం, చివర అర ఔన్సు బరువుకే వంగే కొన. చేప తాకితే చెప్పేది ఆ కొనే, బెండు ఉండదు.

ఫీడర్ సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. చిన్న తీగ బుట్టకు కింద సీసం ఉంటుంది. బుట్టలో మేత కూరుతాం. దాని వెనక నుంచి సన్న దారం (దీన్నే తోక అంటాను), దాని చివర చిన్న గాలం, గాలానికి ఎర. విసిరితే మేతా ఎరా ఒకే చోట పడతాయి. గుప్పిళ్లతో చెరువంతా చల్లే పని లేదు, అరచేయంత చోటులో విందు. గొప్పతనమంతా అదే. దాని ముప్పు కూడా అందులోనే ఉందని నాకు మూడో ఆదివారం దాకా తెలియలేదు.

చోటు గురించి. సీమలో దేవుడు తవ్విన చెరువులు వెతికినా దొరకవు, ఉన్నవన్నీ కట్టినవే. కానీ ఆరున్నర శతాబ్దాలు దాటిన చెరువును ఇంకా మనిషి కట్టిందనాలా? పోరుమామిళ్ల చెరువును 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించినాడు. ఆ శాసనం ఇప్పటికీ ఉంది. వెయ్యి మంది కూలీలు, రాళ్లకు వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో రాసుంది. చెరువుకు కావాల్సిన పన్నెండు సాధనాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెక్కించినారు. కట్ట నుంచి నీళ్లు ఊరడం ఒక దోషం, చవిటి నేల ఒకటి, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఒకటి. చెరువు నడుమ తాబేలు వీపులా ఎత్తు ఉండటం ఇంకో దోషం.

నవ్వొచ్చేది ఇక్కడే. రాజుకు దోషమైన ఆ తాబేలు వీపే గాలం వేసేవాడికి వరం. చుట్టూ లోతు ఉండి నడుమ నేల కాస్త లేచిన చోట చేప మేతకొస్తుంది. నేను కూర్చునే చోటి ముందర అట్లాంటిది ఒకటుంది, పెద్దదేం కాదు. పొలాలకు ఒండ్రు తోలుకున్నప్పుడు రెండు గుంతల నడుమ మిగిలిన దిబ్బ కావచ్చు. దాన్ని పట్టుకున్నది అంకెలు లెక్కపెట్టి. ఖాళీ సీసం విసిరి, నీళ్లను తాకినప్పటి నుంచి దారం వదులయ్యేదాకా లెక్క. 25 మీటర్ల దగ్గర నాలుగు, 30 దగ్గర మూడు, 35 దగ్గర ఐదు. మూడు వచ్చిన చోటే నా చోటు.

దూరం తప్పకుండా ఉండటానికి ఒడ్డున మూడు మీటర్ల ఎడంగా రెండు పుల్లలు నాటి, వాటి నడుమ దారాన్ని పదిసార్లు తిప్పి, అక్కడ రీల్ క్లిప్పుకు తగిలిస్తాను. ఎదురుగా అవతలి గట్టు మీద ఒంటి తాటిచెట్టు ఉంది. దాని మొదలును గురిచూసి విసిరితే, క్లిప్పు పట్టి లాగిన చోటల్లా 30 మీటర్లే. క్లిప్పుతో ఒక తంటా. పెద్ద బొచ్చె తగిలి పరుగు తీస్తే దారం వదలదు, తెగుతుంది. నాకు రెండుసార్లు తెగింది. అప్పటి నుంచి కొన ఒక్కసారిగా వంగితే ముందు వేలితో క్లిప్పు విడిపించి, ఆ తరవాతే బెత్తం ఎత్తుతున్నాను.

సామాన్ల గొడవ ఇక్కడే తేల్చేస్తాను. సూపర్‌వైజర్ ఇచ్చిన బుట్టలు మూడు చెరువులోనే పోయినాయి. ఆన్‌లైన్లో తెప్పించినవాటికి రెండో విసురుకే సీసం ఊడింది. ఇప్పుడు నేనే చేసుకుంటున్నాను. పూలమొక్కలకు అడ్డం కట్టే ప్లాస్టిక్ జాలీ ముక్క, టైర్ల షాపులో చక్రాల బ్యాలెన్సు నుంచి పీకేసిన సీసం, రెండు కేబుల్ టైలు. తూకం 25 గ్రాములు. రూపం అంత బాగుండదు, పని మాత్రం సరిగ్గానే చేస్తుంది.

మొదటి ఆదివారం

మేత నేను ఎప్పుడూ కలిపేదే. కిలో బొరుగులు మిక్సీకి వేసి పొడి, అరకిలో తవుడు, అరకిలో శెనక్కాయ చెక్క, పావుకిలోకు కాస్త తక్కువ పుట్నాల పొడి. బొరుగులు ఎందుకంటే చవక, మా ఇంట్లో ఉగ్గానికి ఎప్పుడూ ఉంటాయి, తడిస్తే బుట్టలో బాగా పట్టుకుంటాయి. గాలానికి ఎర్ర (వానపాము) ముక్క, గోరు పొడవు. 18 నంబరు గాలం, బుట్ట నుంచి గాలానికి 90 సెంటీమీటర్ల దారం.

పొద్దున ఆరూ నలభైకి మొదలుపెట్టినాను. మొదటి గంట 31 చేపలు. రెండో గంట 6. మూడో గంట 2. ఆగకుండా విసురుతూనే ఉన్నాను, ప్రతిసారీ బుట్ట నిండా.

తాత కట్ట మీద నుంచి దిగొచ్చి బకెట్లోకి తొంగిచూసినాడు.

"ఏం అబ్బీ, పడ్తాండ్యాయా?"

"పొద్దున పడినాయి తాతా. ఇప్పుడు బంద్."

"కడుపు నిండుంటాది. బొరుగులు ఏం తక్కువ పోసినావా?"

ఆయన మాటను ఎగతాళి అనుకున్నాను.

రెండో ఆదివారం

ఈసారి చేప భయపడుతోందని అనుకున్నాను. నీళ్లు తేటగా ఉన్నాయి, డిసెంబరులో అట్లనే ఉంటాయి. దారం సన్నం చేసినాను, గాలం ఇంకా చిన్నది, 20 నంబరుది పెట్టినాను, ఒడ్డున కదలకుండా కూర్చున్నాను. 28, 7, 3. సన్న దారంతో నాలుగు చేపలు తెంచుకుపోవడం తప్ప తేడా ఏమీ లేదు.

కానీ ఆ రోజు ఒక సంగతి జరిగింది. అప్పుడు దాని విలువ తెలియలేదు. రెండో గంటలో విసిగిపోయి క్లిప్పు తీసి 40 మీటర్లకు విసిరినాను. వెంటనే పడినాయి, వరసగా ఐదు. పావుగంటకు అక్కడా ఆగిపోయింది. పుస్తకంలో "చేప వెనక్కి జరిగింది" అని రాసుకున్నాను. ఒడ్డుకు భయపడి వెనక్కి పోయిందని నా ఊహ. వెనక్కి పోయుంటే పావుగంటలో అక్కడా ఎందుకు మానుకుంది అని నన్ను నేను అడగలేదు. కారణం నచ్చితే లెక్క చూడటం మానేస్తాం కదా, అదే.

మధ్యలో ఇంటి దగ్గర

ఆ బుధవారం కరెంటు లేదు, పని లేదు. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ పగిలినది ఒకటి మూల పడి ఉంటే దాని మెడ కోసి, మోటారు నీళ్లు నింపి, వాకిట్లో ఎండకు పెట్టినాను. మేత కలిపి, బుట్టలో కూరి, దారానికి కట్టి మెల్లగా దింపినాను. ఎప్పుడో చెయ్యాల్సిన పని.

బుట్ట నేలను తాకేలోపలే దాని పైనుంచి పొగ మాదిరి లేచింది. బొరుగుల పొడి. తెల్లటి నలుసులు ఒక్కొక్కటి బుట్ట సందుల్లో నుంచి విడివడి, అడ్డంగా జరిగి, మెల్లగా పైకి. కొన్ని సగం ఎత్తులో ఆగి అక్కడే ఊగుతున్నాయి. కొన్ని నీటి పైకొచ్చి పలచటి మీగడలాగా పరుచుకున్నాయి. తవుడులో సగం అదే దారి పట్టింది. శెనక్కాయ చెక్క మాత్రం బుద్ధిగా కిందికి దిగి, నేల మీద కుప్పగా పడి, మెల్లగా ఉబ్బింది. ఫోన్లో ఆరు నిమిషాలు చూసినాను. ఆరు నిమిషాల తరవాత కూడా సగం ఎత్తులో నలుసులు తిరుగుతూనే ఉన్నాయి.

బొరుగంటేనే లోపల గాలి. దాన్ని పొడి చేసినా ఆ గాలి మొత్తం పోదు, నలుసులో కొంచెం కొంచెం మిగులుతుంది. వంటింట్లో రోజూ నీళ్లలో నానబెట్టి పిండేది అదే కదా, పైకి తేలుతుందని ఎవరికి తెలియదు? చెరువు కాడికొచ్చేసరికి నాకు తట్టలేదు, అంతే.

ఇంగ్లండులో ఈ తేడాను గట్టిగా పాటిస్తారు. లేచి తిరిగే మేత, నేల మీద చచ్చినట్టు పడుండే మేత అని రెండు తరహాలు. రోచ్‌ను పైకి లాగాలంటే మొదటిది, బ్రీమ్‌ను నేల మీద నిలబెట్టాలంటే రెండోది. సూపర్‌వైజర్ నాకు ఈ మాట చెప్పే ఉంటాడు. నేను వినలేదో, అర్థం కాలేదో.

మూడో ఆదివారం

ఈసారి మేత మార్చలేదు. ఊహ నిజమో కాదో ముందు తేల్చుకోవాలి. మేతా దారమూ ఒక్కసారే మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఫోన్లో వాయిస్ రికార్డర్ పెట్టి జేబులో వేసుకున్నాను. బుట్ట నేలను తాకగానే "దిగింది" అని, కొన కదలగానే "తాకింది" అని చెప్పుకుంటూ పోయినాను. పక్కన గేదెలు మేపుకునే అమ్మ ఒకామె నా వైపు చూసి, ఎవరితో మాట్లాడుతున్నానో అర్థం కాక, గేదెల్ని అవతలికి తోలుకుపోయింది.

ఇంటికొచ్చి విన్నాను. మొదటి గంటలో తాకినవి చాలావరకు బుట్ట దిగిన అరనిమిషం నుంచి నిమిషంన్నర లోపల. అంటే ఎర నేల మీద పడుకున్నాక. రెండో గంట కథ వేరు. 26 సార్లు కొన కదిలింది. అందులో 17 "దిగింది" అన్న పది సెకన్లలోపలే. ఎర ఇంకా నీళ్లలో ఊగుతూ దిగుతుండగానే. పట్టింది మాత్రం మూడు.

చేప ఎక్కడికీ పోలేదు. పైకి లేచింది.

ఎందుకు పట్టలేకపోయానో అప్పుడు తెలిసింది. బుట్ట దిగే క్షణంలో దారం కాసేపు వదులుగా ఉంటుంది. 90 సెంటీమీటర్ల తోక వెనకాల ఎర మెల్లగా వంపు తిరుగుతూ దిగుతుంది. ఆ వంపులో చేప ఎర అందుకుంటే, ఆ కబురు దారం వెంట కొన దాకా వచ్చేసరికి ఎర నోట్లో నుంచి ఊసేసి ఉంటుంది. నాకు కనపడేది ఒక చిన్న వణుకు. దాన్ని గాలి అనుకొని వదిలేస్తూ వచ్చాను, రెండేళ్లు.

రెండో వారం 40 మీటర్ల దగ్గర పావుగంట జరిగిన కథ కూడా ఇదే. అక్కడ నేల మీద చేప ఉంది. నేను పంపిన పొగకు అదీ లేచింది.

మధ్యాహ్నం మళ్లీ చెరువు కాడికి పోయి తాతకు చెప్పినాను. ఆయనకు ఆశ్చర్యమేమీ లేదు.

"నీ బువ్వ నేలకు దిగక ముందే నోటికందుతాంటే, కిందికెందుకు పోతాది? పెళ్లిలో వంట పొయ్యి కాడ నిలబడ్డోడు పంక్తిలో కూర్చుంటాడా?"

అప్పుడే ఇంకో అరగంట కూర్చొని ఒక అడ్డదారి చూసినాను. చేప పైనే ఉంటే అక్కడే పట్టుకుందాం అని తోకను 120 సెంటీమీటర్లకు పెంచి, ఎర్రను వదిలి తేలికగా ఉండే మైదా ఉండ పెట్టినాను. పడినాయి, ఎనిమిది. కానీ అన్నీ బొటనవేలంతవి. పెద్ద పరిగె ఒక్కటీ రాలేదు. పైకి లేచేది పిల్లమూకే. మీసాల పెద్దది నేల మీదే ఉంటుంది, దానికి కావాల్సింది నేల మీద ఉంటేనే. ఇది తేలాక నాలుగో వారం ఏం చెయ్యాలో వేరే ఆలోచించే పని లేకపోయింది.

నాలుగో ఆదివారం

బొరుగులు పూర్తిగా మానేసినాను. తవుడును మూకుట్లో వాసన వచ్చేదాకా వేయించి, ముందురోజు రాత్రే తడిపి పెట్టినాను. రాత్రంతా నానితే లోపలి గాలి చాలావరకు పోతుంది, తెల్లారి ఇంకోసారి కొంచెం నీళ్లు. క్యాన్లో వేసి చూస్తే చారెడుకు రెండు మూడు నలుసులు తప్ప పైకి రాలేదు. చెక్క ఎప్పటిలాగే. బరువుకు చెరువు ఒండ్రు.

ఇటలీలో, ఇంగ్లండులో పోటీలకు పోయేవాళ్లు మేతలో కలపడానికి మట్టిని సంచుల్లో కొంటారు. మనకు కాళ్ల కిందే ఉంది. నీళ్లు తీసిన చోట ఎండి పెళ్లలు కట్టిన ఒండ్రును తెచ్చి, దంచి, పిండి జల్లెడతో జల్లించినాను. మా ఇంటామె ఆ జల్లెడ ఇంక ఇంట్లోకి రాకూడదని తీర్పు ఇచ్చింది, కొత్తది కొనాల్సి వచ్చింది, అది వేరే లెక్క. మట్టికి మేత విలువ లేదు. అదే దాని సుగుణం. బుట్టను నింపుతుంది, నేలకు లాగుతుంది, చేప కడుపు మాత్రం నింపదు. మొత్తంలో సగం మట్టే.

రంగు కూడా మారింది. బొరుగుల మేత చెరువు నేల మీద తెల్లటి దుప్పటి పరిచినట్టు ఉంటుంది. డిసెంబరులో చెరువు నిండా నీటికాకులు. తెల్లటి నేల మీద నిలబడ్డ పరిగె పైనుంచి చూసేవాడికి కొట్టొచ్చినట్టు కనపడుతుంది, అది పరిగెకూ తెలుసు. ఒండ్రు కలిపిన మేత నేల రంగులోనే ఉంది. ఇది ఎంత పనిచేసిందో విడిగా లెక్క తీయలేదు, కానీ ఇంక తెల్ల మేత కలపను.

నాలుగైదు ఎర్రల్ని కత్తెరతో సన్నగా తరిగి మేతలో కలిపినాను. విదేశాల్లో దీనికి ఈగ పురుగుల్ని డబ్బాల్లో అమ్ముతారు. మన దగ్గర గాలాలకు ఆ వ్యాపారం నేను చూడలేదు, పెట్టకపోతేనే మంచిది.

తోక 50 సెంటీమీటర్లు. బుట్ట దిగినాక ఎర దిగడానికి ఎక్కువ సమయం ఇవ్వకూడదు. విసిరే లెక్క కూడా మార్చినాను. మొదటి పది నిమిషాల్లో ఐదు బుట్టలు గబగబా, నేల మీద మేత పడటానికి. ఆ తరవాత ఫోన్లో మూడున్నర నిమిషాల టైమర్. చేప పడితే తీస్తాను, లేకుంటే టైమర్ మోగేదాకా బుట్ట తియ్యను, మోగితే తప్పకుండా తీస్తాను. పోయిన వారాల కన్నా గంటకు విసుర్లు తగ్గినాయి.

మొదలు నీరసంగా ఉంది. మొదటి ఇరవై నిమిషాలు మూడే చేపలు. పాత మేత అయితే ఈపాటికి పది వచ్చుండేవి. చేతులు ఊరుకోలేదు. బుట్టలో ఒక్క చిటికెడు బొరుగుల పొడి వేద్దామా అనిపించింది. సంచిలో ఉంది కూడా, పోయిన వారం మిగిలిన కిలో. వెయ్యలేదు.

ఏడున్నరకు కొన వేరేగా వంగింది. వణకలేదు, మెల్లగా ఒక పక్కకు ఒరిగి, అక్కడే నిలబడింది. బుట్ట దిగి నిమిషం దాటింది. ఎత్తినాను. మీసాలున్నది. గుప్పిట్లో పట్టలేదు, వేళ్ల సందుల్లోంచి తోక బయటికి. పొలుసులు పొద్దుటెండకు అద్దం ముక్కల మాదిరి మెరిసినాయి.

ఆ రోజు లెక్క: మొదటి గంట 15, రెండు 22, మూడు 24. నాలుగో గంట కూడా కూర్చున్నాను, 19. మీసాల పెద్దవి తొమ్మిది. మొదటి వారం మూడు గంటల్లో మొత్తం 39, అందులో పెద్దవి రెండు. విసుర్లు తక్కువ, మేత సగానికి సగం, అందులోనూ సగం మట్టి.

ఒక్క వారం మంచిగా వచ్చినంత మాత్రాన మందు దొరికిందని చెప్పను. ఆ రోజు గాలి నా ముఖానికి కొట్టింది, మిగతా మూడు వారాలూ వీపు నుంచి. ఎదురుగాలి ఉన్న గట్టుకు మేత నీళ్లతో పాటు కొట్టుకొస్తుంది, చేపా వస్తుంది. అది కూడా సాయం చేసుండొచ్చు. అందుకే జనవరిలో ఇంకో రెండుసార్లు పోయినాను, వీపు గాలిలో. గంటగంటకు పడిపోవడం మళ్లీ కనపడలేదు. మొత్తం మాత్రం ఆ రోజు వచ్చిన 80 కన్నా తక్కువ, ఒకసారి 61, ఇంకోసారి 58. నాకు కావాల్సింది ఆ పడిపోకపోవడమే.

జిలేబీల గురించి కూడా చెప్పాలి. 1952లో దేశంలోకి తెచ్చిన ఈ చేప ఇప్పుడు లేని చెరువు చూపించడం కష్టం. జనవరిలో రెండోసారి పదిన్నరకు ఒక మంద వచ్చి నా దిబ్బ మీద కూర్చుంది. వరసగా జిలేబీలే. చేసేదేమీ లేదు. మేత ఆపి, క్లిప్పును రెండు చుట్లు వదిలి, ముప్పావుగంట వేరే చోట వేసుకొని తిరిగొచ్చినాను, అప్పటికి పోయినాయి. దీనికి ఇంతకన్నా మంచి ఉపాయం తెలిసినవాళ్లు ఉంటారు.

ఇంక బొరుగుల పొడి కథ. నాలుగో ఆదివారం సంచిలో మిగిలిన కిలోను పారేద్దామని తీస్తే తాత చూసినాడు.

"అది నాకియ్యి."

"ఏం చేస్తావు తాతా?"

ఆయన సమాధానం చెప్పలేదు. తూము పక్కన చెట్టుకు ఆనించిన వెదురు కర్ర తెచ్చినాడు. దానికి రెండు బారల దారం, నెమలి ఈక బెండు, దాని కింద జానెడు లోతులోనే గాలం. నా పక్కన రాయి మీద కూర్చొని, బొరుగుల పొడి చిటికెడు చిటికెడు నీళ్ల మీద చల్లినాడు. ఆ తెల్ల మీగడ కింద నీళ్లు గళ్లు గళ్లుగా కదలడం మొదలుపెట్టినాయి. నేను మూడున్నర నిమిషాల టైమర్ పెట్టుకొని కొన వైపు చూస్తుంటే ఆయన ఎత్తుతాడు, తీస్తాడు, వేస్తాడు. గంటలో ఆయన బకెట్లో ఎన్నున్నాయో నేను లెక్కపెట్టలేదు. అన్నీ బొటనవేలంతవే, కానీ పులుసుకు ఆ సైజే కావాలంట. పోతూ పోతూ నా మీసాల పరిగెలు రెండు ఎత్తుకొని తన బకెట్లో వేసుకున్నాడు.

"వచ్చే వారం బొరుగులు మర్చిపోబాక" అన్నాడు.